ఐదు రూపాయల ప్యాకెట్ చరిత్ర

ఈసారి మా సాంఘిక శాస్త్రం సారు ప్రాజెక్టు ఇస్తూ, "మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక వస్తువు తీసుకొని దాని చరిత్ర రాయండి" అన్నారు. మా తరగతిలో చాలామంది తాతల నాటి నాడె తెచ్చారు. భివండీ పద్మానగర్‌లో ఏ ఇంట్లో వెతికినా ఒక పాత నాడె దొరుకుతుంది కాబట్టి అది తేలిక. ఒకరు ఇత్తడి చెంబు, ఒకరు గోడగడియారం తెచ్చారు. నేను నూడుల్స్ ప్యాకెట్ గురించి రాస్తానంటే అందరూ నవ్వారు. "దానికి చరిత్ర ఏముంటదే, రెండు నిమిషాలే కదా!" అన్నది నా పక్కన కూర్చునే అమ్మాయి. నాకూ నవ్వొచ్చింది. కానీ నేను ఊరికే అనలేదు.

2020 మార్చిలో నేను ఐదో తరగతి. మా బాపు సాంచెలు నడుపుతారు, అంటే మరమగ్గాలు. నెల జీతం కాదు, ఎన్ని మీటర్ల బట్ట దిగితే అన్ని డబ్బులు. పదిహేను రోజులకొకసారి పగారం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. పుట్టినప్పటి నుంచి రాత్రీ పగలూ వింటున్న సాంచెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మొదటి రాత్రి మా తమ్ముడు చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని ఏడ్చాడు. ఇది వేరే ఊరివాళ్లు నమ్మరు గానీ మా గల్లీలో అందరికీ తెలుసు.

మీటరు లెక్క కదా, సాంచె ఆగితే పగారం ఆగినట్టే. ఏప్రిల్ రెండో వారం దాకా చేతిలో ఉన్నది సరిపోయింది. ఆ తర్వాత సుమారు రెండు నెలలు మా ఇంట్లో రాత్రిపూట ఎక్కువగా నూడుల్సే. పెద్ద ప్యాకెట్ కాదు, ఐదు రూపాయల చిన్నది. నాకూ తమ్ముడికీ అదంతా పండగలాగ ఉండేది. బడి లేదు, రోజూ నూడుల్స్! అది డబ్బు లేక అని నాకు తెలియడానికి ఏడో తరగతి దాకా పట్టింది.

ప్రాజెక్టు కోసం బడి కంప్యూటర్‌లో చదవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, దీన్ని కనిపెట్టిన మనిషి కూడా బట్టల వ్యాపారే. ఆయన పేరు మోమోఫుకు అండో. 1910లో తైవాన్‌లో పుట్టాడు. అప్పుడు తైవాన్ జపాన్ పాలనలో ఉండేది. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే తాతా నాయనమ్మల దగ్గర పెరిగాడు. వాళ్లది తైనాన్ అనే ఊళ్లో బట్టల దుకాణం. ఇరవై రెండేళ్లకే తను కూడా అల్లిక బట్టల వ్యాపారం పెట్టాడు. తర్వాత జపాన్‌లోని ఒసాకాకు మారాడు. ఇది చదివినప్పుడు నాకు భలే సంతోషం అయ్యింది, ఏదో మన చుట్టం దొరికినట్టు.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసేసరికి జపాన్‌లో తిండి లేదు. ఒసాకా స్టేషన్ దగ్గర నల్లబజారులో ఒక సేమ్యాల బండి ముందు చలిలో వణుకుతూ జనం పొడవుగా వరుస కట్టి నిలబడడం అండో చూశాడట. ఒక గిన్నెడు వేడి చారు కోసం అంత వరుస. అప్పుడు అమెరికా నుంచి గోధుమపిండి వస్తుండేది. దాంతో రొట్టె చేసుకుని తినండి, అని ప్రభుత్వం చెప్పేది. మనకు అలవాటైన సేమ్యాలు చేయొచ్చు కదా, రొట్టె ఎందుకు, అని ఆయన అడిగాడట. కానీ ఆ మాట మీద వెంటనే ఏమీ చేయలేదు. ఇక్కడే చాలా చోట్ల కథను కుదించి చెబుతారు, వరుస చూశాడు, కనిపెట్టేశాడు అన్నట్టు. నిజానికి మధ్యలో పన్నెండేళ్లు ఉన్నాయి. ఆ మధ్యలో ఆయన జైలుకు వెళ్లి వచ్చాడు. తను పెద్దగా ఉన్న ఒక రుణ సంఘం 1957లో మునిగిపోయింది. ఆస్తి అంతా పోయి ఇకెదా అనే ఊళ్లో ఒక ఇల్లు మాత్రం మిగిలింది. ఆ ఇంటి వెనక చిన్న గుడిసె వేసుకొని ఏడాదిపాటు పిండి పిసికాడు. అంటే ఆకలి చూసినప్పుడు కాదు, తనే దివాలా తీశాకే పని మొదలుపెట్టాడు. నాకు ఇది ముఖ్యం అనిపించింది.

కష్టమంతా ఎండబెట్టడం దగ్గర వచ్చింది. సేమ్యాలు చాలా రోజులు చెడిపోకుండా ఉండాలి, వేడినీళ్లు పోయగానే మెత్తబడాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. ఇంట్లో భార్య నూనెలో టెంపురా వేయిస్తుంటే చూసి ఆయనకు దారి దొరికిందని చెబుతారు. టెంపురా అంటే మన బజ్జీలాంటిదే. ఉడికించిన సేమ్యాలను మరిగే నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై బయటికి వస్తుంది, వచ్చిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వేడినీళ్లు పోస్తే ఆ రంధ్రాల్లోంచే నీళ్లు మళ్లీ లోపలికి వెళతాయి. అమ్మకు ఇది చెబితే, "అందుకేనా ప్యాకెట్ విప్పితే చేతికి నూనె అంటుతది" అన్నది.

1958 ఆగస్టు 25న 'చికెన్ రామెన్' అనే పేరుతో మొదటి ప్యాకెట్ అమ్మకానికి వచ్చింది. అప్పటికి ఆయనకు 48 ఏళ్లు. ధర 35 యెన్. అప్పట్లో ఉడికించిన ఉడాన్ సేమ్యాల ముద్ద ఒకటి 6 యెన్‌లకే దొరికేది. ఇంత ధరకు ఎవరు కొంటారు అని టోకు వ్యాపారులే అన్నారట. అంటే పేదల తిండి అని మనం అనుకునేది మొదట్లో ఖరీదైన కొత్త వస్తువు. ఈ ముక్క చదివి నేను చాలాసేపు ఆలోచించాను. దీని సంగతి మళ్లీ వస్తుంది.

అక్కడి నుంచి దక్షిణ కొరియా. అక్కడ కూడా యుద్ధం అయ్యింది, 1950 నుంచి 1953 వరకు. 1960ల మొదట్లో సోల్ నగరంలోని నామ్‌డేమున్ బజారులో ఒక గంజి అమ్మేవారు. అమెరికా సైనిక శిబిరాల్లో తిని పారేసిన మిగుళ్లన్నీ ఒక పెద్ద పాత్రలో వేసి ఉడికించిన గంజి. గిన్నె 5 వాన్. దానికోసం కూలీలు వరుసలో నిలబడేవాళ్లు. ఆ వరుసను చూసిన చోన్ జుంగ్ యున్ అనే వ్యాపారి జపాన్ వెళ్లి, అక్కడి ఒక కంపెనీ దగ్గర ఈ పని నేర్చుకుని వచ్చాడు. 1963 సెప్టెంబరు 15న 'సమ్యాంగ్ రామ్యన్' వచ్చింది. ధర 10 వాన్.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి. కొరియా భాషలో 'మ్యన్' అంటే సేమ్యాలు, 'మ్యన్' అంటే నూలు కూడా. అందుకని మొదట్లో చాలామంది ఈ కొత్త సరుకు ఏదో బట్టనో దారమో అనుకొని కొనలేదట! కంపెనీవాళ్లు వీధుల్లో వండి ఊరికే రుచి చూపించాల్సి వచ్చింది. ఇది బాపుకు చెబితే, "వాళ్లది కూడ మన లెక్కనే ఉన్నది, దారం తప్ప ఇంకోటి తోచది" అని చాలాసేపు నవ్విండు. అక్కడ బియ్యం కరువు ఉండేది, గోధుమ తినమని ప్రభుత్వమే ప్రచారం చేసింది. అందుకే కొరియావాళ్లకు అది తొందరగానే అలవాటయ్యింది. నూడుల్స్ అయిపోయాక మిగిలిన చారులో చల్లన్నం కలుపుకుని తినడం ఇప్పటికీ వాళ్ల అలవాటు.

గోధుమ సంగతి కొంచెం చెప్పాలి. 1954లో అమెరికా తన దగ్గర మిగిలిపోయిన పంటను వేరే దేశాలకు సులువుగా అమ్మడానికి ఒక చట్టం చేసింది. దాని పేరు పి.ఎల్. 480. జపాన్, కొరియా, 1956 నుంచి మన దేశం, ఈ చట్టం కిందే గోధుమ తెచ్చుకున్నాయి. అన్నం తినే దేశాలకు గోధుమ ఎలా వచ్చిందో తెలియకపోతే నూడుల్స్ చరిత్ర సగమే తెలిసినట్టు.

మన దేశంలో ఈ తిండికి జనం పెట్టుకున్న పేరు మ్యాగీ. అది కూడా ఒక మనిషి పేరే. స్విట్జర్లాండ్‌లో పిండిమర నడిపిన యూలియస్ మ్యాగీ 1880లలో బఠానీ, చిక్కుడు గింజల పిండితో త్వరగా ఉడికే సూప్ పొడి చేశాడు. కర్మాగారాల్లో పొద్దంతా పనిచేసే ఆడవాళ్లకు వండే తీరిక లేక, ఇళ్లలో సరైన తిండి ఉండడం లేదని అక్కడి కర్మాగారాల తనిఖీ అధికారి, డాక్టర్ ఫ్రిడోలిన్ షూలర్ చెప్పడంతో ఆ పని మొదలైంది. ఆ పేరుతో నూడుల్స్ మన దేశానికి 1983లో వచ్చాయి. అప్పటికి పక్కనే ముంబైలో 1982 జనవరిలో మొదలైన బట్టల మిల్లుల సమ్మె నడిచి ఏడాది దాటింది. ఈ రెండింటికీ సంబంధం లేదు, సంవత్సరాలు పక్కపక్కన కనబడితే రాశానంతే.

ఇక 35 యెన్, 6 యెన్ సంగతి. లాక్‌డౌన్‌లో మేము కొన్న పెద్ద ప్యాకెట్ 70 గ్రాములు 12 రూపాయలు. లెక్క వేస్తే కిలో 171 రూపాయలు దాటుతుంది. అప్పుడు మేము కొనే బియ్యం కిలో 40. అంటే నాలుగు రెట్లకు పైన! చిన్న ప్యాకెట్ లెక్క కూడా దాదాపు అంతే. మరి డబ్బు లేనప్పుడు అమ్మ ఇంత ఖరీదైనది ఎందుకు కొన్నట్టు? లెక్క తప్పిందేమో అని రెండుసార్లు చూసుకొని, నోటుపుస్తకం పట్టుకొని అమ్మను అడిగాను. అమ్మ అప్పుడు కండెలు చుడుతున్నది. తల ఎత్తలేదు.

"బియ్యం ఉండె. రేషన్ల వచ్చినై. కూర ఏది? పప్పుకు, నూనెకు, చింతపండుకు, కారానికి, అన్నిటికి పైసలు కావాలె. ప్యాకెట్ల అన్నీ ఉంటయి. ఉప్పు, కారం, నూనె. ఐదు రూపాయలు పెడితే మీకు ఇద్దరికి పూట గడిచె. గ్యాసు కూడ ఐదు నిమిషాలే."

అప్పుడే నాకు గుర్తుకొచ్చింది. కొన్ని రాత్రుళ్లు నూడుల్స్ తక్కువగా, అన్నం ఎక్కువగా ఉండేది. మసాలా పొట్లం నీళ్లలో మరిగించి అన్నంలో పోసేది అమ్మ. మేము దానికి మసాలా అన్నం అని పేరు పెట్టి ఇంకా కావాలని అడిగేవాళ్లం. కొరియావాళ్లు చేసేదీ అదే. అమ్మకు కొరియా ఎక్కడుందో తెలియదు.

కిలో లెక్కన కొనాలంటే ఒక్కసారే వంద రూపాయలు ఉండాలి. ఐదు రూపాయలు ఉన్నవాళ్లకు ఐదు రూపాయల వస్తువే చవక. మా గణితం పుస్తకంలో యూనిట్ ధర లెక్కలున్నాయి, ఎక్కువ కొంటే తక్కువ ధర పడుతుందని. చేతిలో ఎంత ఉందో ఆ లెక్కలో అడగరు.

అమ్మ ఇంకో మాట చెప్పింది, అది చెప్పేటప్పుడు చేయి ఆపింది. "నూడుల్స్ తింటున్నరంటే ఎవ్వరు అయ్యో అనరు. పిల్లలు అడిగిన్రు, చేసిన అంటే అయిపాయె. ఉట్టి అన్నం తింటున్నరంటే గల్లీ అంతా తెలుస్తది."

ఇది ఏ వ్యాసంలోనూ నాకు దొరకలేదు. కానీ దీనితో చూస్తే కొన్ని విషయాలు అర్థమవుతున్నాయి. 1971లో జపాన్‌లో కప్ నూడుల్ వచ్చింది. 1972 ఫిబ్రవరిలో మంచుకొండల్లో ఒక ముట్టడి జరుగుతుంటే, చలిలో పోలీసులు ఆ కప్పులు పట్టుకుని తినడం టీవీలో దేశమంతా చూసింది, అమ్మకాలు పెరిగాయి. ఒకే తిండి ఆకలి వరుసల కోసం పుట్టి, టీవీలో గొప్పగా కనబడింది. అందుకే దాన్ని చూసి ఎవరూ తినేవాళ్ల జేబు లోపలిది చెప్పలేరు.

మా నాయనమ్మ ఈ మాటలన్నీ మూల మంచం మీద నుంచి వింటున్నది. "మాకు గట్ల దాసుకునే వీలు లేకుండె" అన్నది. 1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు. అప్పుడు రేషన్‌లో 'మిలో' అని అమెరికా ఎర్రజొన్న ఇచ్చేవాళ్లు. రొట్టె చేస్తే ఎర్రగా, గట్టిగా వచ్చేదట. పళ్లెంలో ఎర్ర రొట్టె కనబడితే ఈ ఇంట్లో రేషన్ తింటున్నరు అని ఎవరైనా చెప్పేవాళ్లట. "తలుపు దగ్గరికి ఏసుకొని తింటుంటిమి" అన్నది.

నూడుల్స్ మంచి తిండి అని నేను రాయడం లేదు. మైదా, నూనె, ఉప్పు. ఆ రెండు నెలల్లో తిన్న గంటకే మళ్లీ ఆకలయ్యేది, తమ్ముడికి కడుపునొప్పి కూడా వచ్చింది. సాంచెలు మళ్లీ మొదలయ్యాక బాపు మొదటి పగారంతో రెండు కిలోల కందిపప్పు తెచ్చారు. ఆరోజు పప్పు చూసి "నూడుల్స్ లేవా?" అని నేనూ తమ్ముడూ అలిగాం. అమ్మ ఒక్క మాట అనలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది.

వ్యాసం పూర్తయ్యాక అమ్మకు చదివి వినిపించాను. "ఇది పత్రికల వేస్తరా? మసాలా అన్నం సంగతి తీసెయ్యి" అన్నది. పెన్ను తీసి కొట్టేయబోతుంటే నాయనమ్మ ఆపింది.

"ఉండనియ్యి పిల్లా. మిలో రొట్టె కూడ రాయి. నా పేరు మాత్రం పెట్టకు."