జేబు కెమేరా: రెండు మార్గములు

2012వ సంవత్సరములో జపాను దేశపు సంస్థలు రెండు చిన్న కెమేరాలను లోకమునకు పరిచయము చేసినవి. ఫిబ్రవరిలో కేనన్ సంస్థ ప్రకటించిన పవర్‌షాట్ ఎస్.ఎక్స్.260 ఒకటి. జూన్‌లో సోనీ సంస్థ ప్రకటించిన ఆర్.ఎక్స్.100 రెండవది. మొదటిదాని తూకము 231 గ్రాములు. రెండవదాని తూకము 240 గ్రాములు. రెండును జేబులో ఇమిడిపోవునవే. మొదటిదాని కటకము తన నాభ్యంతరమును 20 రెట్లు పెంచుకొనగలదు. చెట్టు కొమ్మ చివర వాలిన పిట్టను సైతము దగ్గరకు తెచ్చి చూపగలదు. రెండవదానికి ఈ శక్తి నాలుగు రెట్లకు లోపే. అయినను 2012లో అమెరికాలో మొదటిదాని ధర 350 డాలర్లు కాగా, రెండవదాని ధర 650 డాలర్లుగా ఉండెను. తక్కువ దూరము చూచు కెమేరాకు ఎక్కువ ధర ఏల?

అంగడిలో కొనువారికి ఈ ప్రశ్న చిక్కు తెచ్చినది. ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనబడు ‘20 రెట్లు’ అను సంఖ్య ఒక ప్రక్క, ‘పెద్ద సెన్సారు’ అను మాట మరొక ప్రక్క. ఈ రెండింటిలో దేనిని నమ్మవలెను? దీనికి సమాధానము ప్రకటనలలో లేదు. కాంతి నియమములలో ఉన్నది. ఆ నియమములతో కెమేరా నిపుణులు నూరేండ్లుగా చేసిన బేరమే జేబు కెమేరా చరిత్ర.

పెట్టె చిన్నదైన విధము

1839లో డాగేర్ పద్ధతి ఫ్రాన్సులో వెల్లడియైన తరువాత చాలకాలము వరకు కెమేరా అనగా బరువైన పెట్టెయే. లోపల ఉంచిన పలక ఎంతో, చేతికి వచ్చు చిత్రము కూడ సాధారణముగా అంతే. పెద్ద చిత్రము కావలెనన్న పెద్ద పలక, పెద్ద పలకకు పెద్ద పెట్టె, దానిని మోయుటకు ముక్కాలి పీట. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ చుట్టగా చుట్టిన ఫిల్ముతో కొడాక్ కెమేరాను అమ్మి, ఛాయాచిత్రణమును సామాన్యుల చేతికి అందించినాడు. అయినను అది జేబులో పట్టునది కాదు.

కెమేరాను నిజముగా చిన్నది చేసినవాడు జర్మనీలో వెట్స్‌లార్ పట్టణమునందు లైట్స్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్. ఆ సంస్థ సూక్ష్మదర్శినులకు పేరు పడినది. బార్నాక్ ఉబ్బసపు రోగి. పలకల కెమేరాను కొండదారులలో మోయుట అతనికి కష్టము. సినిమాలకు వాడు 35 మి.మీ. ఫిల్మును తీసికొని, దానిపై 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు గల చిత్రము పడునట్లు ఒక చిన్న యంత్రమును 1914 నాటికే తయారుచేసినాడు. మొదటి ప్రపంచ యుద్ధము వలన ఆలస్యమై, 1925లో లైప్‌జిగ్ సంతలో ఆ యంత్రము లైకా అను పేరుతో వెలువడినది. దాని కటకమును రూపొందించినవాడు మాక్స్ బెరెక్.

పలక చిన్నదైనచో పెట్టె ఎందుకు చిన్నదగును? ఉన్నత పాఠశాలలో చదువు సరూప త్రిభుజములే దీనికి చాలును. దూరపు దృశ్యము యొక్క ప్రతిబింబము కటకము వెనుక నాభ్యంతరమంత దూరములో ఏర్పడును. పలకను సగము చేసినచో, అదే దృశ్యము దానిపై పట్టుటకు నాభ్యంతరము కూడ సగమైన చాలును. పెట్టె లోతు తగ్గును, కటకము తగ్గును, బరువు తగ్గును.

కాని దీనికి మూల్యము చెల్లింపక తప్పదు. అరచేయంత చిత్రము కావలెనన్న చిన్న ఫిల్ముపై పడిన బొమ్మను పెద్దది చేయవలెను. అప్పుడు ఫిల్ములోని వెండి రేణువులు కూడ పెద్దవై కనబడును. బార్నాక్ ఈ బేరమును తెలిసియే చేసినాడు. బెరెక్ కటకము మిక్కిలి నిశితమైనది గనుక ఆ బేరము లాభించినది.

కదిలెడి కటకములు

తరువాత వచ్చిన కోరిక, నిలిచిన చోటినుండి కదలకయే దూరపు వస్తువును దగ్గరగా చూడవలెనని. కటకమును మార్చకయే నాభ్యంతరమును మార్చుకొనగల జూమ్ కటకములు చలనచిత్ర, టెలివిజన్ రంగములలో మొదట వాడుకలోనికి వచ్చినవి. 35 మి.మీ. ఫిల్ము కెమేరాలకు అట్టి కటకము 1959లో వచ్చినది. ఫ్రాంక్ బాక్ రూపొందించగా ఫాయిగ్ట్‌లెండర్ సంస్థ అమ్మిన ఆ జూమార్ కటకపు నాభ్యంతరము 36 నుండి 82 మి.మీ. వరకు మారును, అనగా రెండు రెట్లకు కొంచెము మించి మాత్రమే. అంతమాత్రమునకే అది బరువైన గాజు మోపు అయినది.

1986లో పెంటాక్స్ సంస్థ జూమ్ కటకమును చిన్న ఫిల్ము కెమేరాలోనే ఇమిడ్చినది. అది 35 నుండి 70 మి.మీ. వరకు, అనగా రెండు రెట్లు. ఇరువది రెట్లు జేబులో పట్టునని ఆనాడు ఎవరును తలపలేదు. ఫిల్ము వెడల్పు మారనంత కాలము అది సాధ్యమును కాదు.

సిలికాన్ పలక

ఫిల్ము స్థానమున సిలికాన్ వచ్చుటతో కథ మారినది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు కాంతి వలన పుట్టిన విద్యుదావేశమును వరుసగా నడిపించి లెక్కించు సి.సి.డి. అను సాధనమును కనిపెట్టినారు. నలుబది ఏండ్ల తరువాత, 2009లో, వారికి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. 1975లో కొడాక్ సంస్థకు చెందిన స్టీవెన్ సాసన్ అట్టి పలకతో తొలి డిజిటల్ కెమేరాను నిర్మించినాడు. దాని బరువు సుమారు 3.6 కిలోగ్రాములు. అది ఒక్కొక్క చిత్రమును 10,000 చుక్కలుగా విడదీసి, 23 సెకండ్లలో టేపుపై వ్రాసికొనెడిది.

ఈ పలకనే సెన్సారు అంటారు. పలకను ఎంత చిన్నది చేసిన అంత చవుక. పళ్ళెములోని మైసూరుపాకును చిన్న ముక్కలుగా కోసినచో ఎక్కువ ముక్కలు వచ్చును; ఒక ముక్కలో చీమ కనబడి పారవేసినను నష్టము స్వల్పము. సిలికాన్ బిళ్ళపై దోషములు కూడ అట్టివే. అందుచేత జేబు కెమేరాలలో గోరంత సెన్సార్లు వాడుకలోనికి వచ్చినవి. ‘అంగుళములో 2.3వ వంతు’ అని చెప్పబడు సెన్సారు నిజమైన కొలతలు 6.2 మి.మీ., 4.6 మి.మీ. మాత్రమే. పాత టెలివిజన్ కెమేరా గొట్టముల బయటి వ్యాసమునుబట్టి ఈ అంగుళముల పేర్లు నిలిచినవి. ‘ఒక అంగుళము’ సెన్సారులో కూడ అంగుళము పొడవు ఎక్కడను లేదు. దాని కొలతలు 13.2 మి.మీ., 8.8 మి.మీ.

గోరంత సెన్సారు వలననే ఇరువది రెట్ల జూమ్ సాధ్యమైనది. కేనన్ కెమేరా కటకము నాభ్యంతరము 4.5 నుండి 90 మి.మీ. వరకు. దాని చిన్న సెన్సారుపై ఆ 90 మి.మీ. కటకము, పాత ఫిల్ము కెమేరాలో 500 మి.మీ. కటకము చూపునంత దగ్గర దృశ్యమును చూపును. అదే దృశ్యమునకు ‘ఒక అంగుళము’ సెన్సారుతో 180 మి.మీ.కి పైగా నాభ్యంతరము కావలెను. అది జేబులో పట్టదు.

2006లో పానసోనిక్ సంస్థ పది రెట్ల జూమ్ గల టి.జెడ్.1 కెమేరాను తెచ్చి ఈ మార్గమునకు ఊపు నిచ్చినది. ఏటేట రెట్లు పెరిగినవి. చుక్కల సంఖ్యయు పెరిగినది. మరొక ప్రక్క 2008లో సిగ్మా సంస్థ పెద్ద సెన్సారును, జూమ్ లేని ఒకే కటకమును చిన్న పెట్టెలో అమర్చి డి.పి.1 అను కెమేరాను తెచ్చినది. సోనీ ఆర్.ఎక్స్.100 ఈ రెండవ మార్గములో నడచి, ‘ఒక అంగుళము’ సెన్సారుకు కొద్దిపాటి జూమ్‌ను జతచేసినది.

ఇంటిలో పరీక్ష

ఒక సాయంకాలము గదిలో దీపపు వెలుతురున ఇంటివారి చిత్రము తీయవలసి వచ్చినదనుకొనుడు. కాంతి కణములుగా, అనగా ఫోటానులుగా వచ్చును. వాన చినుకులవలె అవి క్రమము లేక పడును. వాకిట రెండు చిన్న గిన్నెలు పెట్టినచో ఒకదానిలో నాలుగు చినుకులు, మరొకదానిలో ఏడు పడవచ్చును. రెండు గంగాళములు పెట్టినచో నీరు రెండింటను దాదాపు సమానముగా నుండును. 100 ఫోటానులు అందిన చోట సహజమైన హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. 10,000 అందిన చోట హెచ్చుతగ్గు 100, అనగా నూటికి ఒకటి. చీకటి చిత్రములలో కనబడు గరుకు నలుసులకు ఈ హెచ్చుతగ్గులే ముఖ్య కారణము.

కేనన్ సెన్సారు వైశాల్యము 28 చదరపు మి.మీ.; సోనీది 116 చదరపు మి.మీ. అనగా నాలుగు రెట్లు. అంతేగాక వెడల్పు దృశ్యమునకు కేనన్ కటకము ఎఫ్/3.5 కాగా, సోనీ కటకము ఎఫ్/1.8, ఈ సంఖ్య తగ్గినకొలది కాంతి ఎక్కువ వచ్చును. రెండును కలిపి లెక్కించినచో, అదే వ్యవధిలో సోనీ సెన్సారుకు సుమారు 15 రెట్లు ఎక్కువ కాంతి అందును. నలుసులు దాదాపు నాలుగవ వంతునకు తగ్గును. గదిలో కూర్చున్న ముసలమ్మ ముఖమున ముడుతలు ఒక చిత్రమున స్పష్టముగాను, మరొక చిత్రమున మసకగాను కనబడుటకు ఇదియే హేతువు. హెచ్చు ధర ఇచ్చటనే ఖర్చైనది.

చెరువు గట్టున పరీక్ష

ఇంతటితో పెద్ద సెన్సారు గెలిచినదని తీర్పు చెప్పినచో అది తొందరపాటే. పగటి ఎండలో చెరువు నడుమ నిలిచిన కొంగను చిత్రించుట మరొక పరీక్ష.

కటకపు నాభ్యంతరమును ఎఫ్ సంఖ్యతో భాగించిన కాంతి ప్రవేశించు ద్వారపు వ్యాసము వచ్చును. దూరపు కొసయందు కేనన్ కటకము 90 మి.మీ., ఎఫ్/6.8, అనగా ద్వారము సుమారు 13 మి.మీ. సోనీ కటకము 37 మి.మీ., ఎఫ్/4.9, ద్వారము సుమారు 7.6 మి.మీ. మాత్రమే. కొంగనుండి బయలుదేరిన కాంతిని ఎక్కువగా పట్టునది ఈసారి చిన్న సెన్సారు కెమేరాయే. సోనీ పట్టుదానికి మూడు రెట్లు! సెన్సారు ఎంత పెద్దదైనను, ద్వారము గుండా రాని కాంతిని అది పట్టలేదు గదా.

సూక్ష్మ వివరముల సంగతియు ఇట్టిదే. చిన్న ద్వారము గుండా పోవు కాంతి కొంత చెదరును. దీనిని వివర్తనము అంటారు. ఈ చెదురుట వలన బిందువు బిందువుగా నిలువక చిన్న బిళ్ళగా మారునని ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త జార్జి ఎయిరీ 1835లో గణితముతో నిరూపించినాడు. ద్వారము పెద్దదైనకొలది ఆ బిళ్ళ చిన్నదగును. ఆకుపచ్చని కాంతికి లెక్కించినచో, 100 మీటర్ల దూరమునందు కేనన్ కటకమునకు ఆ మసక బిళ్ళ 1 సెంటిమీటరు. సోనీ కటకమునకు 1.8 సెంటిమీటర్లు. పైగా సోనీ చిత్రమునుండి అదే కొంగ భాగమును కత్తిరించినచో, రెండు కోట్ల చుక్కలలో ఇరువది అయిదవ వంతు, అనగా సుమారు 8 లక్షలు మాత్రమే మిగులును. చెరువు గట్టున చవుక కెమేరాయే మేలు.

అయినను కేనన్ ప్రకటించిన ఒక కోటి ఇరువది లక్షల చుక్కలను కూడ ఇచ్చట పూర్తిగా నమ్మరాదు. దాని సెన్సారుపై ఒక్కొక్క చుక్క వెడల్పు ఒకటిన్నర మైక్రాన్. దూరపు కొసయందు వివర్తనపు బిళ్ళ వెడల్పు 9 మైక్రాన్లు. ఒక్కొక్క బిళ్ళ ఆరు చుక్కల మేర పరచుకొనును. చుక్కలను రెట్టింపు చేసినను వివరము రెట్టింపు కాదు. ఎండ తగ్గినచో, చేయి వణికినచో, గాలిలో వేడి సెగ లేచినచో ఆ కొంచెము మేలును పోవును.

రెండు మార్గములు కలిసిన చోటు

2016లో పానసోనిక్ సంస్థ ‘ఒక అంగుళము’ సెన్సారుకు పది రెట్ల జూమ్ జతచేసి టి.జెడ్.100 కెమేరాను తెచ్చినది. 2018లో సోనీ కూడ తన ఆరవ ఆర్.ఎక్స్.100ను 200 మి.మీ.తో సమానమైన దూరము వరకు పొడిగించినది. కాని ఎఫ్/1.8 ఉన్న చోట ఎఫ్/2.8 వచ్చినది. దూరము పెరిగినది, చీకటిలో బలము తగ్గినది. బార్నాక్ నాటి బేరమే మరల జరిగినది.

ఈలోగా రెండు మార్గములవారి అంగడిని సెల్‌ఫోను ఆక్రమించినది. జపాను కెమేరా సంస్థల సంఘపు లెక్కల ప్రకారము 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు ఎగుమతి బల్లలు దాటగా, 2020లో ఆ సంఖ్య 90 లక్షలకు లోపునకు పడిపోయినది. అయితే ఫోను కూడ ఈ నియమములను తప్పించుకొనలేదు. ఒకే కటకముతో రెండు పనులు కావని గ్రహించి, దాని నిర్మాతలు వెనుక ప్రక్క రెండు మూడు కెమేరాలను ప్రక్కప్రక్కన పొదిగినారు. 2019లో హువావే పి.30 ప్రో ఫోనులో పట్టకము కాంతిని మలుపు త్రిప్పగా, దూరపు కటకము ఫోను మందములో అడ్డముగా పడుకొన్నది. 2022లో షియోమీ 12 ఎస్ అల్ట్రా ఫోనులో ‘ఒక అంగుళము’ సెన్సారు చేరినది. రెండు మార్గములును నేడు ఒకే ఫోను వీపుపై వేరువేరు కన్నులుగా నిలిచియున్నవి.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. చాల కెమేరాల కటకపు అంచున నాభ్యంతరము, ఎఫ్ సంఖ్య ముద్రింపబడియుండును. ఒకదానిని మరొకదానితో భాగించి, రెండు కొసలయందును ద్వారపు వ్యాసమును విద్యార్థులచే కట్టించవలెను. వెడల్పు కొసయందు కేనన్ ద్వారము 1.3 మి.మీ., సోనీ ద్వారము 5.8 మి.మీ.; దూరపు కొసయందు 13 మి.మీ., 7.6 మి.మీ. ఈ నాలుగు సంఖ్యలను నల్లబల్లపై వ్రాసినచో, ఏ కెమేరా ఎవరికి తగునో విద్యార్థులే చెప్పగలరు. ఇంటి చిత్రములు తీయువారు మొదటి జతను, పక్షులను చూచువారు రెండవ జతను చూచుకొనవలెను. జూమ్ రెట్లు, చుక్కల కోట్లు ఆ తరువాతి లెక్క.