తెల్ల కాలనీలు

2012, హైదరాబాద్. మీరు నయాపుల్ దాటారు. ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు వెనకబడ్డాయి. అఫ్జల్‌గంజ్ బస్సుల సందుల్లోంచి మొజంజాహీ మార్కెట్ దాకా వచ్చారు. తుల్జాగూడ కాంప్లెక్స్ ఇక్కడే. లోపల సీడీఎఫ్‌డీ. డీఎన్ఏ పరీక్షలతో జనంలో పేరుపడ్డ సంస్థ ఇది. మీరొచ్చింది మాత్రం ఈ.కోలై అనే బ్యాక్టీరియా దగ్గరికి, జె. గౌరీశంకర్ ల్యాబ్‌కి.

ఆయన చదివింది వెల్లూరులో ఎంబీబీఎస్. మెల్‌బోర్న్‌లో పీహెచ్‌డీకి బ్యాక్టీరియాను పట్టుకున్నారు, మళ్లీ వదల్లేదు. ఉప్పు ఎక్కువైతే ఈ.కోలైలో ఏ జన్యువులు మేల్కొంటాయో 1985లో చూపించారు. 1991లో భట్నాగర్ బహుమతి వచ్చింది. ఒకే జీవిని ఇన్నేళ్లు విసుగులేకుండా ప్రశ్నించడమే ఆయనలో నాకు గొప్పగా తోస్తుంది.

ఇప్పటి ప్రశ్న ఇది. బ్యాక్టీరియాలో ఆర్ఎన్ఏ పోగు బయటికొస్తుండగానే రైబోజోములు దాన్ని ఎక్కేస్తాయి. ఎక్కని పోగు తిరిగి డీఎన్ఏకే అతుక్కుంటే ఆర్-లూప్ పడుతుంది. డీఎన్ఏ నకలు పని అక్కడ అడ్డం తగిలి ఆగితే కణం చస్తుంది. అలాంటి పోగును సాగనివ్వకుండా ఆపేది రో అనే ప్రొటీన్. రో లేనిదే ఈ.కోలై బతకదు. ఆర్-లూపులే అందుకు కారణమా?

ఇంక్యుబేటర్‌లోంచి తీసిన ప్లేటును వెలుతురుకు ఎత్తి చూడండి. అగార్ నిండా ఆవగింజంత నీలం చుక్కలు. వీటి క్రోమోజోములో రో జన్యువు తీసేశారు. ప్రాణాధారంగా దాన్ని ఒక ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఇచ్చారు, నీలం రంగు తెచ్చే జన్యువునూ దాని మీదే పెట్టారు. ఈ ల్యాబ్ ప్లాస్మిడ్ల పేర్లు ‘పీహెచ్‌వైడీ’తో మొదలవుతాయి, ఊరి పేరు అలా పరిశోధన పత్రాల్లోకి ఎక్కింది. కణాలు విభజన చెందుతుంటే కొన్నింటిలో ప్లాస్మిడ్ జారిపోతుంది. జారిపోయాక కూడా బతికితే కాలనీ తెల్లగా ఉండాలి. ఇక్కడ తెలుపన్నదే లేదు.

పక్క ప్లేటు తీయండి. ఈ కణాలకు టీ4 ఫేజ్ అనే వైరస్ నుంచి యూవీఎస్‌డబ్ల్యూ అనే ఎంజైము ఇచ్చారు. దాని పని ఆర్-లూపులు విప్పడం. నీలం మధ్య తెల్ల కాలనీలు! ముఖ్యంగా పోషకాలు తక్కువున్న మినిమల్ మీడియం మీద. రో లేకుండానే బతికాయి. రోకు తోడ్పడే నూస్‌-జీ అనే ప్రొటీన్‌ను తీసేసినవీ అంతే, బతికాయి.

నూస్‌-ఏ అనే మరో తోడు ప్రొటీన్‌ను తీసేసినవాటిని మాత్రం ఈ ఎంజైము కాపాడలేదు. అంటే ఆ ప్రొటీన్‌కు ప్రాణాధారమైన పని ఇంకేదో ఉంది. దాన్ని మళ్లీ వెతకాలి.