ఇంట్లోనే హాట్ రాడ్ కారు: ఫైబర్ బాడీతో వచ్చే తిప్పలు ఏమిటి?

పాత కారును పూర్తిగా విప్పేసి, పెద్ద ఇంజిన్ బిగించి, నచ్చిన రూపంలోకి మార్చుకోవడం అమెరికాలో చాలామందికి ఉన్న షౌక్. అలాంటి కారునే హాట్ రాడ్ అంటారు. వీడియోల్లో చూస్తే వారం రోజుల పనిలా అనిపిస్తుంది. నిజానికి ఏళ్లు పడుతుంది. సగంలోనే ఆగిపోయి గ్యారేజీలో దుమ్ము పట్టే బండ్లూ ఉంటాయి. ఎందుకో చూద్దాం.

ఎక్కడ మొదలైంది?

1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్ల మడ్‌గార్డులు తీసేసి, బరువు తగ్గించి, ఎండిన సరస్సుల నేల మీద పరుగులు తీయించేవారు. 1932లో ఫోర్డ్ తక్కువ ధరకే వీ8 ఇంజిన్ ఇచ్చింది. దాని శక్తి 65 హార్స్‌పవర్. ఈ షౌక్ పెరగడానికి అదే పెద్ద ఊతం. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అనే పత్రిక కూడా వచ్చింది.

ఫైబర్ ఎందుకు?

ఆ కాలపు ఉక్కు బాడీలు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. అందుకే అదే ఆకారంలో ఫైబర్‌గ్లాస్ బాడీలు పోతపోసి అమ్ముతున్నారు. ఫైబర్ తేలిక, తుప్పు పట్టదు. 1953లో షెవర్లే కార్వెట్ ఫైబర్ బాడీతోనే వచ్చింది. మన తీరంలో చేపల పడవలకు వాడేదీ ఇలాంటి సరుకే.

అసలు తిప్పలు

డోర్లు: అచ్చులోంచి తొందరగా తీసిన బాడీ వంకర పోతుంది. డోర్ పైన కలిస్తే కింద కలవదు. లోపల చెక్క లేదా ఇనుప పైపులతో బలం ఇవ్వకపోతే బాడీ ఊగుతుంది. బాడీని ఛాసిస్ మీద బిగించాకే డోర్లు సరిచేయాలి. ముందే సరిచేస్తే ఆ పని మళ్లీ చేయాల్సిందే.

వైరింగ్: ఉక్కు కారులో బాడీయే ఎర్త్‌గా పనిచేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. ప్రతి లైటుకూ, హారన్‌కూ, మీటర్‌కూ విడిగా ఎర్త్ వైరు లాగాలి. కొత్తవాళ్లు ఇక్కడే రోజులకు రోజులు తల పట్టుకుంటారు.

పెయింటింగ్: పై పొర కింద గాలి బుడగలు ఉంటే ఎండకు ఉబ్బి పగులుతాయి. రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే రంగు వేస్తే, లోపలి పీచు అచ్చు కొన్నాళ్లకు పైకి కనిపిస్తుంది. అంటే మళ్లీ ఉప్పుకాగితం, మళ్లీ రంగు, మళ్లీ ఖర్చు.

ప్రాణానికీ ముప్పు

ఫైబర్ రుద్దినప్పుడు లేచే ధూళి ఒంటికి దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు ఉండాలి. హార్డెనర్ సాధారణంగా రెజిన్‌లో 1 నుంచి 2 శాతమే కలుపుతారు. ఎక్కువైతే డబ్బా వేడెక్కి పొగ రావచ్చు. కోబాల్ట్ యాక్సిలరేటర్‌నూ హార్డెనర్‌నూ నేరుగా ఒకదాంట్లో ఒకటి అసలు పోయకూడదు. పేలుడు జరుగుతుంది. డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో పనిచేసే మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పాలి.

లెక్క తప్పేది ఎక్కడ?

చాలామంది బాడీ ధర చూసి మొదలుపెడతారు. కానీ ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు, టైర్లు, అద్దాలు, సీట్లు అన్నీ వేరే. చిన్న చిన్న బిల్లులే జేబు ఖాళీ చేస్తాయి. సగంలో ఆపి అమ్మితే పెట్టిన డబ్బు కూడా రాదు. పైగా రిజిస్ట్రేషన్ గొడవ. ఇంట్లో కట్టిన కార్లకు పొగ నిబంధనల్లో సడలింపును కాలిఫోర్నియా ఏడాదికి 500 బండ్లకే ఇస్తుంది.

మన దగ్గర కుదురుతుందా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే చెప్పింది. అనుమతి ఉన్న గ్యాస్ కిట్ వంటి వాటికే మినహాయింపు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కు రావచ్చు. కాబట్టి ఇంట్లో కుర్రాడు బండి మారుస్తానంటే వెంటనే కోప్పడకండి. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి రమ్మనండి, తర్వాత మొత్తం ఖర్చు కాగితం మీద రాయమనండి. చేతిలో పని నేర్చుకోవడం మంచిదే, అప్పు చేసి నేర్చుకోవాల్సిన పని లేదు.