అర్ర దర్వాజ నుంచి అద్దాల తలుపు దాకా

మరిపెడ ప్రాంతంతో సహా తెలంగాణ పల్లెల్లో కనిపించే భవంతి, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన ఖాళీ, దాని చుట్టూ వసారాలు, వాటి వెనక అర్రలు, అనగా గదులు, ఉన్న పాతకాలపు ఇల్లు, వెలుతురును ఆ నడిమి ఖాళీ నుంచే తీసుకునేది కనుక, లోపలి అర్రలకు దర్వాజే కిటికీ కూడా. ఆ దర్వాజ బరువైన టేకు రెక్కలను మూసి, గొలుసు గొళ్లేన్ని పైనున్న కొక్కేనికి తగిలిస్తే, వడ్ల బస్తాలతో పాటు చీకటి కూడా లోపల భద్రంగా ఉండేది.

సిమెంటు స్లాబు వచ్చి నడిమి ఖాళీని కప్పేశాక, హాలూ భోజనాల చోటూ వంటగదీ ఒకటిగా కలిసిన ఇళ్లలో మిరపకాయల తాలింపు ఘాటు సోఫా దాకా రావడంతో, వెలుతురును ఆపకుండా పొగను మాత్రం ఆపే అడ్డు అవసరమైంది. ఆ అడ్డుగా వచ్చిన అద్దాల తలుపు మూలం ఇంగ్లండులో ఉంది; అక్కడ క్రిటాల్ సంస్థ 1884లో లోహపు కిటికీల తయారీ మొదలుపెట్టింది. కర్రకన్నా ఉక్కు ఎంతో గట్టిది కాబట్టి, సన్నని చట్రమే పెద్ద అద్దాన్ని మోయగలదన్నది ఆ పద్ధతిలోని కీలకం. నేటి గదుల మధ్య నల్లచట్రపు అద్దాల తలుపులు ఆ కిటికీల వారసులే. అయితే వాటిలో పైపట్టాకు వేలాడుతూ పక్కకు జరిగే తలుపుకు గడప ఉండదు, కాబట్టి గడపకు పసుపు రాసే చోటు వీధి దర్వాజకే మిగిలింది.