మూసీ ఒడ్డున నడిచేదెవరు?

సికింద్రాబాద్ నుంచి నెక్లెస్ రోడ్డెక్కితే సంజీవయ్య పార్కు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య సమాధి అక్కడే. పొద్దున్నే నడకకూ సైకిళ్లకూ వచ్చేవాళ్ల కంటే ముందే ఆ రోడ్డు ఊడ్చిపోయేది ఎవరో మనకు తెలుసు. పక్కనున్న హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు దోమల్‌గూడ, అశోక్‌నగర్ దాటి, గోల్నాక దగ్గర మూసీలో కలుస్తాయి. ఆ మూసీ పొడవునా, నగరంలో 55 కిలోమీటర్లు, నడకదారులూ సైకిల్ ట్రాకులూ వేస్తామని 2017లో ఒక కార్పొరేషనే పెట్టారు.

ఒడ్డును అందంగా చేద్దామన్న ఆలోచన మాత్రం పాతదే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగింది. మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిపించిన విశ్వేశ్వరయ్య ఎగువన జలాశయాలు కట్టమన్నాడు, నగరంలో ఒడ్డు వెంట తోటలూ విహారమార్గాలూ వేయమన్నాడు. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది, ఇరుకు బస్తీలు కూల్చి రోడ్లు వేసింది. వరదలో మనుషుల్ని కాపాడిన చింతచెట్టు కథ అందరూ చెప్తారు. కూల్చిన గుడిసెలోళ్లు ఏడికి పోయారో అడిగేవాళ్లు తక్కువ.

1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినయి. పైన నీళ్లు ఆగినయి, కింద నగరం మురుగు చేరింది. ఆ కంపుకు ఎవరూ కోరని నేల మీదికి, ఊళ్లలో సెంటు భూమి లేని దళితులు, పేద ముస్లింలు, వలస కూలీలు వచ్చి గుడిసెలేసుకున్నారు. మురుగు ఉన్నన్నాళ్లూ అది నది అని ఎవరికీ గుర్తుకు రాలేదు. భూమికి రేటొచ్చినాక వచ్చింది!

1990ల చివర తెలుగుదేశం ప్రభుత్వం 'నందనవనం' అన్నది. పేరు చూడండి! గుడిసెలు తీసి కొందరిని కర్మన్‌ఘాట్ వైపు పంపారు. 2024 సెప్టెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వ అధికారులు మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని గీశారు. అక్టోబర్ నుంచి కూల్చివేతలు మొదలైనయి. డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు ఇచ్చామన్నారు. అద్దెకున్నవాళ్ల సంగతేమిటి? ఇండ్లల్లో పాచిపనికి నడిచిపోయే ఆడవాళ్ల పని సంగతేమిటి?

నది బాగుపడొద్దని మేం అనడం లేదు. 2020 అక్టోబర్ వరదలో మునిగింది ఈ బస్తీలే. శుభ్రమైన నీళ్లు అందరికంటే ముందు కావలసింది వాళ్లకే. కానీ ఆ బాట గీసేటప్పుడు ఒడ్డున బతికినోళ్లను కూర్చోబెట్టి అడిగిందెవరు?

విద్యార్థులకు ఒక మాట. ఇంకా నిలిచి ఉన్న బస్తీలకు నోటుబుక్కులు పట్టుకొని పోండి. ఏ ఇంటోళ్లు ఏ ఊరినుంచి ఎప్పుడొచ్చారు, ఏం పని చేస్తారు, ఎవరు ఏడికి పోయారు, అన్నీ రాసిపెట్టండి.