స్నార్కెలింగ్, నీటి అడుగు ఛాయాచిత్రణ: ఓరుగల్లు నుంచి అండమాన్ దాకా

ముఖానికి అద్దం మాస్క్ తొడిగి, నోట్లో పొట్టి గొట్టం పెట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ అడుగున ఏముందో చూడడం స్నార్కెలింగ్. వీపున గాలి సిలిండర్ కట్టుకుని లోతుకు దిగితే అది స్కూబా డైవింగ్. ఈ రెండింటినీ అంటిపెట్టుకుని ఎదిగింది నీటి అడుగు ఛాయాచిత్రణ. ఎక్కువగా ఐరోపా, అమెరికావారి చేతుల్లో రూపు దిద్దుకున్న ఈ పనులు ఇవాళ సెలవులకు అండమాన్ వెళ్లే మామూలు కుటుంబాల దాకా వచ్చాయి. వీటి చరిత్రను పరికరాల చరిత్రగా రాయడం పరిపాటి. కానీ అంతకన్నా ముందు చెప్పుకోవలసింది నీటి తేటదనం గురించి. నీరు ఎక్కడ తేటగా ఉందో ఈ విద్య అక్కడే ముందుకు సాగింది. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరం ఉండి కూడా తెలుగువారు బతికున్న పగడపు దిబ్బను చూడాలంటే తమ తీరం వదిలి వెళ్లవలసి రావడానికి కారణం అదే.

ఓరుగల్లుకు వచ్చిన పగడం

తెలుగు నేలకు పగడం కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా రాజుల పాలయ్యేది. ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం కట్టవలసిన సరుకుల్లో చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, మిరియాలతో పాటు ముత్యాలూ పగడాలూ ఉన్నాయి. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడి సుంకం కాకతీయ రాజధాని ఓరుగల్లు (నేటి వరంగల్) ఖజానాకు చేరేది. నవరత్నాల్లో ఒకటైన ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. నీళ్లలో అది ఎలా పెరుగుతుందో, దాని చుట్టూ ఏ చేపలు తిరుగుతాయో ఇక్కడ కొన్నవారికి తెలిసే వీలే లేదు. ముత్యాల సంగతి వేరు. మన్నార్ సింధుశాఖలో ముత్యపు చిప్పలు ఏరేవారు బరువు రాయి సాయంతో దిగి, ఊపిరి బిగబట్టి, పైనున్నవారు తాడు లాగితే తేలేవారు. నీటి కింద ఊపిరితో నిలవాలన్న ఆశ ఎంత పాతదో చెప్పడానికి దుర్యోధనుడి జలస్తంభన కథ ఒక్కటి చాలు.

మాస్కు, గొట్టం

మాస్కు ఎందుకు కావాలో తెలియాలంటే ఒక తెలంగాణ ఊరి బావుల దగ్గర మొదలుపెట్టాలి. రఘునాథపల్లి హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి మీది ఊరు. ఈ మెట్ట ప్రాంతంలో ఈత నేర్చుకునేది వ్యవసాయ బావుల్లో, చెరువుల్లో. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు నడుముకు బెండు కట్టి బాయిలో దింపుతారు. నాలుగు రోజులకు బెండు విప్పేస్తారు. అలా నేర్చినవాళ్లు గడ్డ మీంచి దూకి అడుగు మట్టి పట్టుకొస్తారు గానీ అడుగున ఏముందో చెప్పలేరు. మునిగి కళ్లు తెరిస్తే అంతా మసకే. చెరువులో పడ్డవాళ్లను వెతికే గజ ఈతగాళ్లు కూడా చాలావరకు చేత్తో తడిమే వెతుకుతారు.

దీనికి బురద ఒక్కటే కారణం కాదు. మన కంటికి చూపు కుదిర్చే పనిలో సుమారు మూడింట రెండు వంతులు ముందున్న నల్లగుడ్డు పొరది. గాలిలోంచి ఆ పొరలోకి వచ్చేటప్పుడు వెలుగు బాగా వంగుతుంది. కంటికి నీరు తగిలితే ఆ వంపు దాదాపు పోతుంది. కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి నిలిపితే చూపు తిరిగి వస్తుంది. మాస్క్ చేసేది అంతే. అయితే దాంట్లోంచి చూసినప్పుడు వస్తువు నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. తిరిగొచ్చి చేప ఇంతుంది అని చేతులు చాపి చూపేవాళ్లు అబద్ధమాడినట్టు కాదు.

ఊపిరి గొట్టం ప్రస్తావన అరిస్టాటిల్ నాటికే ఉంది. ఏనుగు తొండాన్ని ఆయన మునిగేవారి ఊపిరి సాధనాలతో పోల్చాడు. గొట్టం ఎంత పొడుగైతే అంత లోతుకు వెళ్లవచ్చని అనుకుంటాం గానీ అది కుదరదు. ఒక మీటరు లోతున నీరు ఛాతీని వాతావరణ పీడనంలో పదో వంతు అదనపు బలంతో నొక్కుతుంది. పైనున్న మామూలు గాలిని ఆ ఒత్తిడికి ఎదురుగా లోపలికి లాగడం కండరాల వల్ల కాదు. పైగా పొడుగు గొట్టంలో వదిలిన చెడుగాలే మళ్లీ లోపలికి వస్తుంది. అందుకే స్నార్కెల్ గొట్టం మూర కన్నా పొట్టిగానే ఉంటుంది.

ఇప్పటి సరంజామా 1930లలో ఫ్రాన్స్ మధ్యధరా తీరంలో కుదురుకుంది. కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలకు లూయీ ద కొర్లియు 1933లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటి ఈత అద్దాలు కళ్లను మాత్రమే కప్పేవి. లోతుకు వెళ్తే అవి ముఖానికి బిగుసుకుపోయి కళ్లు నొప్పి పుట్టేవి. ముక్కును కూడా లోపలికి తీసుకునే ఒంటి అద్దపు మాస్క్ వచ్చాక, ముక్కుతో కాస్త గాలి వదిలి ఆ బిగువు సడలించుకోవడం కుదిరింది. 1943లో జాక్ కూస్టో, ఇంజనీరు ఎమిల్ గగ్నాన్ కలిసి, సిలిండర్‌లోని గాలితో నీటి కింద ఊపిరి తీయనిచ్చే ఆక్వాలంగ్ తయారు చేశారు. అప్పటి నుంచి సిలిండర్ కట్టుకున్నవాడు లోతుకు, గొట్టం పెట్టుకున్నవాడు పైపైన అన్న తేడా స్థిరపడింది. ముఖమంతా కప్పే మాస్కును డెకాథ్లాన్ సంస్థ 2014లో అమ్మకానికి పెట్టింది. నోట్లో గొట్టం కరచి పట్టుకోవడానికి ఇబ్బంది పడే కొత్తవారికి అది సుఖంగా ఉంటుంది. కానీ దానితో మునగడం కుదరదు.

పెట్టెలో కెమెరా

నీటి అడుగున తొలి ఫోటో ప్రయత్నం 1856లో ఇంగ్లండ్‌లోని వేమత్ అఖాతంలో జరిగింది. విలియం థాంప్సన్ అనే న్యాయవాది కెమెరాను పెట్టెలో బిగించి పడవలోంచి పద్దెనిమిది అడుగుల లోతుకు దించాడు. పది నిమిషాలు మూత తెరిచి ఉంచాడు. పెట్టెలోకి నీళ్లు చేరాయి. అయినా ఇసుక, రాళ్లు, నాచు లీలగా పడ్డాయి.

అసలు పునాది వేసినవాడు ఫ్రెంచి జీవశాస్త్రవేత్త లూయీ బుటాన్. స్పెయిన్ సరిహద్దుకు దగ్గరి బన్యూల్స్‌లో, ఎర్ర పగడాల సముద్రమైన మధ్యధరాలోనే, 1893లో ఆయన తానే డైవర్ దుస్తుల్లో దిగి ఫోటోలు తీశాడు. కెమెరా పెట్టె రూపకల్పనలో సోదరుడు ఓగుస్త్ సాయం చేశాడు. ఒక్కో ఫోటోకు అరగంట దాకా పట్టేది. ఆల్కహాల్ దీపం మీద మెగ్నీషియం పొడి మండించే ఏర్పాటు చేసి, పీపాలోని గాలితో దాన్ని నీటి అడుగునే వెలిగించాడు. 1899లో సహచరుడు ఎమిల్ రకోవిత్సాను నీటి కింద ఫోటో తీశాడు. మరుసటి ఏడాది ఈ విద్య మీద తొలి పుస్తకం అచ్చు వేశాడు. తాను కళ్లారా చూసిన జీవిని చూడనివారికి చూపించాలన్న పట్టుదల తప్ప ఇందులో ఆయనకు కలిసొచ్చేది ఏమీ లేదు. ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గౌరవం దక్కవలసినది ఆయనకే.

రంగు ఫోటో 1926లో వచ్చింది. ఫ్లోరిడా దక్షిణాన ఉన్న డ్రై టార్టుగాస్ దీవుల దగ్గర జీవశాస్త్రవేత్త విలియం లాంగ్లీ, నేషనల్ జియోగ్రాఫిక్ ఛాయాగ్రాహకుడు చార్లెస్ మార్టిన్ తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ మెరుపులో హాగ్‌ఫిష్ అనే చేపను రంగుల్లో పట్టారు. ఒకసారి పొడి ముందే పేలి లాంగ్లీకి బాగా కాలింది. 1927 జనవరి సంచికలో ఆ చిత్రాలు అచ్చయ్యాయి.

అంత వెలుగు ఎందుకు కావలసి వచ్చింది? నీరు రంగులను ఒక్కొక్కటిగా మింగేస్తుంది. మొదట పోయేది ఎరుపు. అయిదారు మీటర్లకే చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. నీటిలో దూరం కూడా లోతులాగే పనిచేస్తుంది కనుక, ఎర్ర చేప మూడు మీటర్ల దూరాన ఉన్నా బూడిద రంగుగా పడుతుంది. వీలైనంత దగ్గరికి వెళ్లాలి, సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్న వేళలో తీయాలి, చేప కంటి ఎత్తుకు కెమెరా దించాలి. ఈ మూడూ పాటిస్తే చవక కెమెరాతోనైనా మంచి ఫోటో వస్తుంది. బెల్జియం వాడైన జాన్ ద వౌటర్స్ కూస్టో కోసం పెట్టె అవసరం లేని కెమెరా చేశాడు. దాన్ని నికాన్ తీసుకుని 1963లో నికోనాస్ పేరుతో తెచ్చింది. 2001 దాకా అదే ఈ రంగానికి మారుపేరు. ఆ తర్వాత గోప్రో లాంటి చిన్న డిజిటల్ కెమెరాలు, ఫోన్‌కు తొడిగే ప్లాస్టిక్ సంచులు వచ్చాయి.

తెలుగు తీరం

గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు తీరం వెంట నీటిని మసకబారుస్తుంది. వానాకాలంలో నదుల మంచినీరు కలిసి పైపొరలో ఉప్పదనం తగ్గుతుంది. దిబ్బ కట్టే పగడానికి తేట నీరు, నిలకడైన ఉప్పదనం రెండూ కావాలి. ఆంధ్ర తీరంలో దిబ్బలు లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం. విశాఖ పరిసరాల్లో అడుగు రాతి నేల. ఆ రాళ్లకు విడి పగడాలు, స్పంజికలు అంటుకుని ఉంటాయి.

ఈ సముద్రాన్ని చదవడం మాత్రం ఇక్కడ తొందరగానే మొదలైంది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఆ శాస్త్ర బోధనకు పునాది వేశాడు. తూర్పు తీరపు ఖండపు అంచున ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ అన్న పేర్లు ఆయన రచనల్లోనే స్థిరపడ్డాయి. నీటి అడుగుకు దిగడం చాలాకాలం నౌకాదళం పనిగానే ఉండిపోయింది. 1971 డిసెంబరు 3–4 రాత్రి విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని పరిశీలించడానికి దళం డైవర్లు దిగారు. మామూలు జనానికి డైవింగ్ నేర్పే కేంద్రాలు రుషికొండ పరిసరాల్లో ఆ తర్వాత చాలా ఏళ్లకు గానీ రాలేదు. మంగమారిపేట దగ్గరి రాళ్లు, విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర మునిగి ఉన్న పాత ఓడ ఇప్పుడు వారి తావులు. వానలు వెనకబట్టాక, చలికాలంలో నీరు కాస్త తేటపడుతుంది. ఇక్కడ ఫోటో తీసేవారికి పెద్ద చిక్కు, నీటిలో తేలే మట్టి రేణువులు ఫ్లాష్ వెలుగుకు తెల్లని చుక్కలై బొమ్మంతా కమ్మేయడం. దీపాన్ని కెమెరా నెత్తిన కాక బాగా పక్కకు చాపి పెడితే అది తగ్గుతుంది.

తెలుగు సినిమా నీటి కిందికి వెళ్లాలని చాలాసార్లు ఉబలాటపడింది. «సాహసవీరుడు సాగరకన్య» (1996), «ఘాజీ» (2017), «దేవర» (2024) అందుకు సాక్ష్యం.

అండమాన్

విశాఖ, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడలు నడుస్తూ వచ్చాయి. విశాఖ నుంచి రెండు రోజులకు పైబడిన ప్రయాణం. బ్రిటిషు కాలంలో రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించాడు. స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర తీరపు మత్స్యకార కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డాయి. ఇవాళ అక్కడ ఎక్కువమంది మాట్లాడే భాషల్లో తెలుగు ఒకటి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది.

పెద్ద నదులు లేని ఈ దీవుల చుట్టూ నీరు తేటగా ఉండి, దీవులను చుట్టి అంచు దిబ్బలు పెరిగాయి. 1983లో వండూరు దగ్గర పదిహేను దీవులతో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనం ఏర్పడింది. అందులో జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వేర్వేరు నెలల్లో తెరుస్తారు. ఒకదానికి విశ్రాంతి ఇచ్చి మరొకదానికి జనాన్ని పంపే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది. కూస్టో బృందం కూడా ఈ దీవుల మీద ఒక చిత్రం తీసింది. హేవ్‌లాక్ దీవి (2018 చివరి నుంచి స్వరాజ్ ద్వీప్) పర్యాటకులకు కేంద్రమైంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు వచ్చాక తెలంగాణ కుటుంబాలకు ఈ ప్రయాణం చేతికందింది. స్వరాజ్ ద్వీప్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో జరిగే తంతు ఇలా ఉంటుంది. లైఫ్ జాకెట్ తొడిగి, మాస్క్ లోపలి అద్దానికి ఉమ్మి రాసి కడుగుతారు. అద్దానికి పొగ పట్టకుండా ఇదే పాత చిట్కా. నడుం లోతు నీళ్లలో నోటితో ఊపిరి తీయడం నేర్పుతారు. ఆ తర్వాత రబ్బరు రింగు పట్టుకోమని చెప్పి, గైడ్ దాన్ని లాక్కుంటూ దిబ్బ మీదికి తీసుకెళ్తాడు. ఈత రానివాళ్లూ వెళ్లవచ్చు. చేపల మధ్య ఫోటోలు, వీడియోలు తీసేదీ అతనే. ఒడ్డుకు వచ్చాక వాటిని ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తారు. బాయి ఈత వచ్చినవారికి ఉప్పునీరు ఎక్కువగా తేల్చడం హాయిగా ఉంటుంది. అయితే బావిలో ప్రవాహం ఉండదు, ఇక్కడ ఉంటుంది. చేపలను చూస్తూ బోర్లా ఉన్నవాడు ఎంత దూరం కొట్టుకుపోయాడో గమనించడు. గైడ్‌ను వదిలి వెళ్లవద్దని చెప్పేది ఇందుకే. దిబ్బ మీద కాలు మోపితే ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ విరిగిపోతుంది. దిబ్బ కట్టే పగడాలకు 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ వచ్చింది. వాటిని విరిచి తేవడం నేరం.

ఈ దిబ్బలు దెబ్బలు తిన్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి అంచు పైకి లేచి, అక్కడి పగడాలు గాలికి తేలి చచ్చిపోయాయి. 1998, 2010, 2016లలో సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తమలో ఉండే రంగు నాచును వెళ్లగొట్టి తెల్లబారాయి. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగి చేరుతుంది, లేకుంటే పగడం ఆకలితో చస్తుంది. ఎంత చచ్చింది, ఎంత కోలుకుంది అన్నది తేల్చడానికి పరిశోధకులు గుర్తు పెట్టిన చోటికే మళ్లీ మళ్లీ దిగి, అదే చట్రంలో అదే అడుగును ఫోటో తీసి, పాతవాటి పక్కన పెట్టి చూస్తారు.