ఒక పిల్లికూన వంశచరిత్రము

ఒక రాజు వంశమును విచారింపవలెనన్న శాసనములు గలవు. ఒక గ్రామచరిత్రమునకు కైఫీయతులు గలవు. పిల్లికి అట్టివేవియు లేవు. దాని ఒడలి వర్ణమే దాని శాసనమని తలచి నేనొకనాడు తొందరపడి చదివితిని, తప్పుగా చదివితిని. ఆ తప్పు వలన జరిగిన పనిని, దానిని దిద్దుకొనుటకై నేను తెలిసికొనిన చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

నేను విశాఖపట్టణము పాతనగరమున, రేవులోని ఓడకూత వినబడు వీధిలో కాపురముండు విశ్రాంతోపాధ్యాయుడను. మా పొరుగింట ఒక చారలపిల్లి మూడు కూనలను పెట్టినది. రెండు తల్లివలెనే చారలు గలవి. మూడవది పుట్టినప్పుడు తెల్లగా నుండెను. కొన్ని వారములు గడచునప్పటికి దాని ముఖము, చెవులు, కాళ్ళు, తోక ముదురువన్నెకు తిరిగినవి. ఒడలు మీగడవన్నె, కన్నులు నీలము, తోకపై చారలు, ముందుపాదములు మాత్రము తెలుపు. పొరుగింటి బాలుడు దానిని రొమ్మున హత్తుకొని వచ్చి, "మాస్టారూ! ఇది ఏ జాతి పిల్లండీ?" అని యడిగెను.

నేను కండ్లజోడు సవరించుకొని, "ఇది సయాము పిల్లి. దీని తండ్రి ఏ ఓడమీదనో వచ్చియుండును. తక్కిన రెండును వట్టి వీధిపిల్లులు" అని తీర్పు చెప్పితిని. ఏండ్లకొలది పాఠములు చెప్పిన నోటికి సందేహించు నలవాటు తక్కువ.

ఆ ఇంటివారు మూడు కూనలను సాకజాలరు. నా మాట విని సయాము కూనను ఉంచుకొనిరి. తక్కిన రెండింటిని సంచిలో బెట్టి ఫిషింగు హార్బరు కడ విడిచివచ్చిరి. బాలుడు మూడు దినములు మా గడప తొక్కలేదు. నాల్గవనాడు వచ్చి, "మాస్టారూ, ఒక్క తల్లికి ఒక్కసారే పుట్టినవి గదా! ఒకటి సయాముదైతే ఆ రెండు ఎందుకు కావండీ?" అని యడిగెను. నా యొద్ద సమాధానము లేదు. అప్పుడు పుస్తకములు తెరచితిని.

మన పూర్వులు పిల్లిని దాని పనిని బట్టి పిలిచిరి. అమరసింహుడు దానికి చెప్పిన పేళ్ళలో ఆఖుభుక్కు ఒకటి. ఎలుకలను తినునదని అర్థము. మార్జార శబ్దమును శుద్ధిచేయుట యను అర్థము గల మృజ ధాతువునుండి సాధింతురు. సదా ఒడలు నాకి శుభ్రము చేసికొను జంతువునకు ఆ పేరు తగియున్నది. ఈ పేళ్ళలో వన్నె ప్రసక్తి లేదు.

సయాము దేశమున, అనగా 1939లో థాయిలాండను పేరు పెట్టుకొనిన దేశమున, సంప్రదాయము వేరు. అచట 'తమ్రా మేవ్' అను మార్జారలక్షణ గ్రంథములు గలవు. మనకు అశ్వలక్షణ మెట్టిదో వారికి ఇది యట్టిది. ఏ వన్నె పిల్లి ఇంటికి శుభము, ఏది అశుభము అను విషయమును పద్యములతోను చిత్తరువులతోను చెప్పును. మీగడవన్నె ఒడలును, ముదురువన్నె ముఖము, చెవులు, కాళ్ళు, తోకయు గల పిల్లిని 'విచియన్ మాత్' అందురు. విచియన్ అనునది వజ్రశబ్దమునకు పాలీ రూపమైన వజిరమునుండి పుట్టినది. మన అయోధ్య వారి అయుత్థయ యైనట్లే మన వజ్రము వారి పిల్లి పేరున నిలిచినది.

ఇచట ఒక్క విషయము గమనింపుడు. ఆ గ్రంథములు చెప్పునది లక్షణము; వంశవృక్షము కాదు. వంశవృక్షముల పట్టీ పడమట పుట్టినది. 1884లో బాంగ్‌కాక్‌లోని బ్రిటిషు కాన్సలు ఎడ్వర్డ్ గూల్డ్ ఇట్టి పిల్లుల జంటను ఇంగ్లండులోని తన సోదరికై కొనిపోయెను. మరుసటి యేట వాని కూనలు లండను క్రిస్టలు ప్యాలెసు ప్రదర్శనమున చూపబడినవి. తరువాత తల్లిదండ్రుల పేళ్ళు పట్టీలలో నెక్కించి, ఆ పట్టీలోని వానికి పుట్టినదే సయాము పిల్లి యను నియమము స్థిరపడినది. తూర్పున లక్షణముగా నున్నది పడమట జాతి యయ్యెను. నేను లక్షణమును చూచి జాతి పేరు చెప్పితిని. నా పొరపాటు అచటనే యున్నది.

ఇక ఆ లక్షణ మెట్లు కలుగును? 1930లో ఇల్యిన్ అను ఇంటిపేరు గల ఇరువురు రష్యా శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనమును ప్రకటించిరి. సయాము పిల్లి ఒడలిపై కొంత రోమమును గొరిగి, ఆ భాగమును చల్లగా నుంచినచో అచట ముదురువన్నె రోమము మొలచెను. వెచ్చగా నుంచినచో లేతవన్నెయే మొలచెను. రోమమునకు నలుపు నిచ్చు ద్రవ్యమును సిద్ధపరచునది టైరోసినేజు అను ఎంజైము. ఈ పిల్లులలో అది లోపము గలది. ఒడలి వేడిమికి పనిచేయజాలదు. పిల్లి ఒడలి వేడిమి సుమారు 38 సెంటిగ్రేడు డిగ్రీలు. అంతకంటె చల్లగా నుండు చెవుల కొనలు, ముక్కు, పాదములు, తోకయందు మాత్రము అది పనిచేయును. తల్లి గర్భము వెచ్చన గనుక కూన తెల్లగా పుట్టును. ఈ కూనయే అరకులోయ చలిలో పెరిగినచో మన సముద్రతీరమున పెరిగినదానికంటె ముదురువన్నె దేరును.

ఈ లోపమునకు కారణమైన జన్యుభేదమును 2005లో గుర్తించిరి. దానిని బాలునకు నేను ఇట్లు బోధించితిని. ప్రతి కూనకును తల్లి ఒక అక్షరమును, తండ్రి ఒక అక్షరమును ఇత్తురు. రెండును సయాము అక్షరములైననే ఈ వర్ణము పైకి కనబడును. ఒక్కటియే యున్నచో అది లోపల దాగియుండును. పిల్లి సామాన్యముగా కనబడును. మన కూనకు ఈ వర్ణము కలిగినది గనుక చారలతల్లి యందును ఆ అక్షరము దాగియుండెననుట నిశ్చయము. తోకపై చారలు ఆ తల్లి సొత్తే. పాదముల తెలుపు మరియొక జన్యువు పని. దానికిని సయామునకును సంబంధము లేదు.

మరి తక్కిన రెండు కూనలు? ఒకే ఈతలోని కూనలకు వేర్వేరు తండ్రులుండుటయు గలదు. మూటికిని తండ్రి ఒక్కడే యనుకొందము. ఆ తండ్రియు ఈ వర్ణము గలదైనచో, ఆ రెంటియందును సయాము అక్షరము తప్పక యుండును. తండ్రి తల్లివలె అక్షరమును దాచుకొన్నదైనచో, చారలకూన ఒక్కొక్కదానియందు అది యుండుటకు మూటికి రెండుపాళ్ళు అవకాశము గలదు. నేను వీధిపిల్లులని త్రోసివేసినవి సయాము కూనకు తోబుట్టువులే!

ఆ తండ్రి సయామునుండి వచ్చెనా? మన రేవు చరిత్రము చూడుడు. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ మన లోపలి రేవున ప్రవేశించినది. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు దానిని ప్రారంభించెను. ఎలుకల భయమున ఓడలవారు పిల్లులను పెంచుట పాత ఆచారము. 1942లో యుద్ధభీతిచే బర్మానుండి మన తెలుగువారు వేలకొలది తిరిగివచ్చిరి. ఈ దారుల దేనినైనను పిల్లి వచ్చియుండవచ్చునని నేనూహించితిని. కాని వీని కంటె సమీపమైన దారి యొకటి గలదు. 1930ల దశకమున అమెరికాలోని హార్వర్డున సయాము పిల్లికిని పెర్షియను పిల్లికిని సంకరము చేసిరి. ఆ మార్గమున నేర్పడిన సయాము వర్ణపు బొచ్చుపిల్లిని హిమాలయను అందురు. హిమాలయముతో దానికి చుట్టరికము లేదు. అట్టివి నేడు మన నగరముల పెంపుడుజంతువుల అంగళ్ళలో దొరకును. దీర్ఘరోమము సయితము ఇరువైపుల నుండి వచ్చిననే పైకి కనబడు గుణము గనుక, అట్టిదానికిని వీధిపిల్లికిని పుట్టిన కూన పొట్టిరోమముతో నుండవచ్చును. కావున ఆ తండ్రి ఓడ నెక్కి వచ్చినది కాక, మన వీధి చివరి మేడలోనిదియే కావచ్చును. వర్ణము ఒక్క అక్షరమును చూపునే కాని, అది నడచివచ్చిన దారిని చూపదు.

ఇది విని బాలుడు, "అయితే వెళ్ళి తెచ్చుకొందాము రండి" అనెను. మరునాడు తెల్లవారకముందే ఇరువురమును ఫిషింగు హార్బరునకు పోయితిమి. పడవలు వచ్చి చేపలు దించుచున్న వేళ. వలలు ఆరవేసినచోట ఒక చారలకూన కనబడినది. బాలుడు పిలువగా వచ్చినది. రెండవదానికై ఎండ ముదురువరకు వెదకితిమి. చేపలమ్ము స్త్రీల నడిగితిమి. కనబడలేదు. ఆ తరువాత మరి నాలుగు ఉదయములు పోయితిమి, అప్పటికిని కనబడలేదు.

దొరకిన కూన నేడు మా ఇంట నున్నది. బాలుడు దానికి హార్బరు అని పేరు పెట్టెను. దానియందు సయాము అక్షరమున్నదో లేదో ఇప్పుడు పరీక్షచేసి చెప్పువారు గలరు, నేను చేయింపలేదు. అది ఎలుకలను పట్టును, ఒడలు నాకికొనును. అమరసింహుడు చెప్పిన పేళ్ళు రెండును దానికి చాలును.

శ్రోతలారా! చరిత్రము చెప్పువాడు ఒకరి వంశమును నిర్ణయించునప్పుడు, ఆ మాట విని ఎవరు ఇంట నుందురో, ఎవరు వీధి పాలగుదురో ఆలోచించి నోరు తెరవవలెను. నేను తెరచిన తరువాత ఆలోచించితిని. ఆ రెండవ కూన కొరకు నేటికిని హార్బరు వైపు పోయినప్పుడెల్ల వలల నడుమ చూచుచునే యుందును.